చూడకుండా పెట్టిన సంతకం

మార్చి 4, మంగళవారం

నెలలో మొదటి మంగళవారం మా సంతాన కేంద్రం ల్యాబ్‌లో ట్యాంకు లెక్క చూసుకోవడం నాకు అలవాటు. మూత తీస్తే తెల్లటి ఆవిరి లేస్తుంది. అందులోకి వంగి, ఒక్కో డబ్బా పైకి లాగి, స్ట్రాల మీది పేర్లు రిజిస్టరుతో సరిచూస్తాను. ఒక్కో స్ట్రాలో ఒక్కో పిండం, గడ్డకట్టించి దాచినది. ఇరవై రెండేళ్ళుగా ఈ పని ఎవరికీ అప్పగించలేదు.

ఈ రోజు మూడో డబ్బాలో ఉండకూడనిది ఉంది. ఉండాల్సింది లేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మళ్ళీ అదే.

ఉన్నది, కవలలు పుట్టాక "ఇక మాకు చాలు, మిగిలింది తీసేయండి" అని రాసిచ్చి వెళ్ళిన దంపతులది. ఫిబ్రవరి 11న తీసేసినట్టు రిజిస్టరు చెబుతోంది. లేనిది, లిఫ్టు మెకానిక్ దంపతులది. రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ నిలవక, వాళ్ళకు మిగిలిన ఒకే ఒక్కటి.

ఒకదాని బదులు ఇంకొకటి తీసేశాం.

ఎలా జరిగిందో ఆలోచించనక్కర్లేకపోయింది. రెండు స్ట్రాలకూ పసుపు మూతలే, వాటిలో ఒకటి ఆకుపచ్చ అనుకోవాల్సింది. నాలుగేళ్ళ కిందట ఆకుపచ్చ మూతలు అయిపోతే, వచ్చేదాకా ఆగడమెందుకని, పసుపు మూత మీదే నల్ల పెన్నుతో చుక్క పెట్టి దాన్నే ఆకుపచ్చ అనుకుందామన్నాను. ఆ తెలివి నాదే. అప్పుడు అందరం నవ్వుకున్నాం కూడా. ఇప్పుడున్న జూనియర్ పోయినేడు చేరింది. చుక్క సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చుక్కలు కూడా సగం చెరిగిపోయాయి.

అయినా ఇలాంటివి జరగకూడదనే సాక్షి పద్ధతి పెట్టుకున్నాం. ఒకరు స్ట్రా తీసి పేరు పైకి చదవాలి. రెండో మనిషి ఆ పేరు కళ్ళతో చూసి "చూశాను" అనాలి. తర్వాతే సంతకం. ఈ నియమం రాసి గోడకు తగిలించింది నేనే. ఫిబ్రవరి 11 కాగితంలో "తీసినవారు" అన్న గడిలో జూనియర్ సంతకం ఉంది. "చూశాను" అన్న గడిలో నాది.

ఆ రోజు నేను చూడలేదు. ఈ మధ్య పొద్దున్నే కాఫీ తాగుతూ రోజుకు సరిపడా సంతకాలు ఒకేసారి పెట్టేస్తున్నాను. పని తెమలాలి కదా.

ఇంటికి రాగానే అక్క నా మొహం చూసి, "ఏంటే, లెక్కల పరీక్ష తప్పినదానిలా ఉన్నావ్?" అంది. తలనొప్పి అన్నాను.

మార్చి 5

పెద్ద డాక్టరమ్మ సదస్సుకు వెళ్ళింది. రాగానే చెబుతాను.

మార్చి 6

వచ్చింది. బాగా అలిసిపోయి ఉంది. ఈ పూట ఎందుకులే అనుకున్నాను.

మార్చి 8, శనివారం

తొందరపడకుండా ఆలోచిద్దాం.

ఇప్పుడు చెబితే మొదట పోయేది జూనియర్ ఉద్యోగం. పాతికేళ్ళ పిల్ల. తీసిన చెయ్యి తనది, కాబట్టి తప్పంతా ఆ అమ్మాయి నెత్తిన పడుతుంది. నేను నోరు మూసుకుని ఆ పిల్లను కాపాడుతున్నాను.

ఇంకోటి. ఇన్నేళ్ళలో ఎన్ని వందలమందికి చెప్పాను, "అది బిడ్డ కాదమ్మా, నూరు కణాల ముద్ద. కంటికి ఆనదు. దాన్ని తలుచుకుని ఏడవకండి" అని. ఊరడింపుకు చెప్పింది కాదు, నేను నమ్మింది. అక్కతోనూ ఇదే వాదించేదాన్ని. అక్కకు ఐదో నెలలో పోయింది. డ్రిల్లు టీచరుగా మూడువేలమంది పిల్లల్ని ఎండలో నిలబెట్టిన మనిషి, ఇప్పటికీ ఏటా ఆగస్టు వస్తే "ఉంటే ఇన్నేళ్ళు" అని లెక్క చెబుతుంది. "పుట్టనిదానికి పుట్టినరోజేంటి అక్కా" అని ఎగతాళి చేసేదాన్ని.

కాబట్టి పోయింది నూరు కణాలు. ఆ దంపతులకు వయసు నలభై దాటుతోంది. అడగడానికి వస్తారో రారో. రెండుసార్లు నిలవలేదు, మూడోదీ నిలిచేది కాదేమో.

ఈ సాయంత్రం అందరూ వెళ్ళాక కవలల దంపతుల స్ట్రా తీసి, లిఫ్టు మెకానిక్ వాళ్ళ చోట పెట్టాను. ఇందులో మోసం ఏమీ లేదు. తనిఖీ వాళ్ళు వస్తే స్ట్రాలు లెక్కపెడతారు, పేర్లు చదవరు. రిజిస్టరులో ఒకటి ఉండాలి, ట్యాంకులో ఒకటి ఉంది.

చేతులు చాలాసేపు చల్లగానే ఉన్నాయి.

మార్చి 27, గురువారం

ఏమీ జరగలేదు. లిఫ్టు మెకానిక్ వచ్చి వెళ్ళాడు. వాన.

మార్చి 28

ఆకుపచ్చ మూతలకు ఆర్డరు రాశాను. ఇకమీదట ప్రతి సంతకం చూశాకే పెడతాను. ఈ నిర్ణయంతో మనసు కుదుటపడింది.

సంతకాలు ముందే పెట్టడం "ఈ మధ్య" అని 4వ తేదీన రాశాను. నిజానికి ఆరేళ్ళ నుంచీ.

ఏప్రిల్ 1, మంగళవారం

లెక్క సరిపోయింది.

మే 16, శుక్రవారం

జూనియర్ టిఫిన్ డబ్బా పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది.

"మేడం, నావల్ల ఏదైనా తప్పు జరిగిందా?"

"లేదే. ఏం?"

"రెండు నెలల నుంచీ మీరు నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. నేను స్ట్రా తీస్తే పది నిమిషాలు చూస్తున్నారు. ఏదైనా ఉంటే మొహం మీదే తిట్టండి మేడం, నేనేం అనుకోను."

"నీలో తప్పేం లేదు. నా కళ్ళు మసకబారుతున్నాయి, అంతే" అన్నాను. పాపం, తనకు తెలిసిన కళ్ళ డాక్టరు ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళింది.

జూన్ 3, మంగళవారం

లెక్క సరిపోయింది.

జులై 19, శనివారం

లిఫ్టు మెకానిక్ భార్య వచ్చింది. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మా దగ్గర అందరూ టైలరమ్మ అంటారు. ఎప్పుడొచ్చినా కొలత టేపు మెడలోనే ఉండిపోతుంది, తీసి రావడం గుర్తుండదు. ఈ రోజూ ఉంది. మనిషి మాత్రం సగమైంది.

"ఆయన పోయాడు మేడం. రెండో తారీఖున" అంది, కూర్చోకుండానే.

కుర్చీ చూపించాను. నీళ్ళిచ్చాను. రక్తంలో జబ్బట. ఏప్రిల్‌లో మందులు మొదలుపెట్టారు, మూడు నెలలు కూడా ఆగలేదు. ఆమె చెబుతోంది, నేను గ్లాసు వైపు చూస్తున్నాను.

"మా ఆవగింజ ఎలా ఉంది?" అని అడిగింది.

వాళ్ళిద్దరూ దాన్ని మొదటినుంచీ అలాగే పిలుస్తారు. ఆవగింజ కన్నా చాలా చిన్నదమ్మా అని ఒకసారి సరిదిద్దాను కూడా. "అయితే మాత్రం ఏంటి మేడం, పెరగదా?" అని అప్పుడు ఆయన అన్నాడు.

"బాగుంది" అన్నాను.

"ఆడపిల్లయినా సరే, మగపిల్లాడైనా సరే, ఆయన ముక్కు మాత్రం రాకూడదు. లిఫ్టు తలుపు సందులో ఇరుక్కునేంత ముక్కు" అంది. నవ్వింది. నవ్వు పూర్తికాకముందే ఏడ్చింది.

ఆమెకు ఆ పిండం కావాలి. కానీ దరఖాస్తులో ఒక గడి ఉంటుంది: ఇద్దరిలో ఒకరు చనిపోతే పిండాన్ని ఏం చేయాలి అని. వాళ్ళది ఖాళీగా ఉంది.

"అది చూసి ఇద్దరం పోట్లాడుకున్నాం మేడం, ముందు పోయేది నువ్వా నేనా అని. చివరికి తర్వాత రాద్దాంలే అని వదిలేశాం. ఇప్పుడేమో డాక్టరమ్మ గారు కమిటీ పెట్టాలంటున్నారు. కమిటీలో మీరు కూడా ఉన్నారట కదా? హమ్మయ్య అనుకున్నాను."

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు గానీ, ఆయన మీద నాకింకా కోపమే మేడం. ఒక్క పని చెప్పి పంపిస్తే అది చేసుకురాలేకపోయాడు. మొహమాటం మనిషి" అంది.

ఏ పని అని నేను అడగలేదు.

జులై 20, ఆదివారం

రాయకుండా ఉండలేను కాబట్టి రాస్తున్నాను.

కమిటీ సరే అంటే ఏమవుతుంది? ఆ చోట్లో ఒక స్ట్రా ఉంది. మీద పేరున్న చీటీ మార్చడం నాకు ఐదు నిమిషాల పని. కరిగించేది నేను. మైక్రోస్కోపు కింద చూసేదీ నేనే. నిలిస్తే ఆమెకు బిడ్డ పుడుతుంది. తొమ్మిది నెలలు మోసేది ఆమె, పాలిచ్చేది ఆమె. ముక్కు వేరేలా ఉంటే సంతోషిస్తుంది కూడా. తనకు నిజంగా ఏం తేడా? పారేయమన్న పిండానికి ఒక తల్లి దొరుకుతుంది. అందరికీ మంచిదే.

ఇది నేను నిన్న సాయంత్రం నుంచీ ఆలోచిస్తున్నాను. సిగ్గు లేకుండా ఆలోచిస్తున్నాను.

అక్క వరండాలో కూర్చుని పాత విజిల్‌కు తాడు మారుస్తోంది. పక్కన కూర్చుని, ఏదో ఊసుపోక అడిగినట్టు అడిగాను. "అక్కా, అప్పట్లో నీది పోయినప్పుడు, నీకు తెలియకుండా ఇంకొకరి బిడ్డను తెచ్చి నీ ఒళ్ళో పెట్టి, ఇదే నీది అని ఉంటే?"

"చెప్పి పెట్టి ఉంటే కళ్ళకద్దుకుని పెంచుకునేదాన్ని."

"చెప్పకుండా పెడితే? నీకెలా తెలుస్తుంది?"

"నాకు తెలియదు" అంది అక్క, ముడి బిగిస్తూ. "పెట్టినదానికి తెలుస్తుంది కదే. అది ఇక నా ఇంటికి ఏ మొహం పెట్టుకుని వస్తుంది?" తర్వాత నా వైపు తిరిగి, "వచ్చే నెలకు ముప్ఫై ఒకటి. ఉంటే" అంది.

ఈసారి ఎగతాళి చేయలేదు. లేచి లోపలికి వచ్చేశాను.

ఆ పని చేయను. అది నిశ్చయం. అంటే కమిటీ సరే అనకూడదు.

ఆగస్టు 14, గురువారం

కమిటీలో నలుగురం. పెద్ద డాక్టరమ్మ, లాయరు, కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు గారు, నేను. మామూలుగా ఇలాంటి చోట్ల నేను రెండు మాటలు మాట్లాడి బిస్కెట్లు తింటాను. ఈ రోజు ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఇంట్లో అద్దం ముందు నిలబడి నేర్చుకుని మరీ వెళ్ళాను.

బిడ్డంటే ఒక ఆడమనిషి కోరిక మాత్రమే కాదన్నాను. పుట్టబోయేవాళ్ళకు ఒక తండ్రి ముఖం చూసే హక్కు ఉంటుందన్నాను. ప్రమాదవశాత్తూ తండ్రిని పోగొట్టుకోవడం వేరు, మనం నలుగురం కూర్చుని తండ్రి లేని బిడ్డను తయారుచేయడం వేరన్నాను. ఆ భర్త సరే అని ఎక్కడా రాయలేదన్నాను. "ఆ గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడిని మన ఇష్టం వచ్చినట్టు నింపే అధికారం మనకు లేదు" అన్నాను. ఈ మాట అంటున్నప్పుడు నా గొంతు వణికింది. లాయరు అది నిజాయితీ అనుకుని తల ఊపాడు.

ప్రొఫెసరు గారు ఒక్కరే ఒప్పుకోలేదు. ఆయన మెల్లగా మాట్లాడతారు, మధ్యలో పై పళ్ళ సెట్టు సర్దుకుంటారు.

"మీరంతా పుట్టబోయేదాన్ని గురించి మాట్లాడుతున్నారు. నేను ఉన్నదాన్ని గురించి అడుగుతున్నాను. అది మనిషా కాదా అన్నది నాకు నలభై ఏళ్ళుగా తేలలేదు, ఈ పూట తేలదు. కానీ అది ఇప్పటికే అక్కడ ఉంది కదమ్మా. ఇద్దరు మనుషులు కావాలని కోరుకుంటే వచ్చింది. ఉన్నదానికి ఏదో ఒక విలువ ఉండదా?"

అందరూ నా వైపు చూశారు.

"ఉన్నదానికి ఉంటుంది" అన్నాను. అబద్ధం ఆడలేదు.

ముగ్గురు వద్దన్నారు, ఒకరు ఇవ్వమన్నారు. పెద్ద డాక్టరమ్మ బయటికి వస్తూ నా భుజం తట్టి, "ఎంత లోతుగా ఆలోచించారండీ! దీన్ని వ్యాసంగా రాయండి" అంది.

తల కొట్టేసినట్టయింది. స్కూటరు తీయబోయి వేరేవాళ్ళ స్కూటరుకు తాళం పెట్టి ఐదు నిమిషాలు తిప్పాను.

ఆగస్టు 16, శనివారం

మార్చి 8న రాసింది మళ్ళీ చదివాను. అందులో అది నూరు కణాల ముద్ద. మొన్న కమిటీలో అదే తండ్రి ముఖం చూడాల్సిన బిడ్డ. రెండూ నేనే అన్నాను, రెండుసార్లూ గట్టిగా నమ్మినట్టే అన్నాను. పెద్దపెద్ద వాళ్ళు జీవితమంతా తన్నుకులాడే ప్రశ్న నాకు దాక్కోవడానికి మంచి గది అయింది. ఈ తలుపు తడితే ఆ తలుపులోంచి వెళ్ళిపోతాను.

అది ఏమిటో నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళుగా తెలుసని చెప్పుకున్నాను. అది ఎవరిదో మాత్రం తెలుసు.

సెప్టెంబరు 2, మంగళవారం

లెక్క చూడలేదు. ట్యాంకు మూత తీయలేకపోయాను.

సెప్టెంబరు 3, బుధవారం

పదకొండింటికి టైలరమ్మ వచ్చింది. కమిటీ ఉత్తరం అందిందట. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. సంచిలోంచి రెండు గుడ్డ టోపీలు తీసి బల్ల మీద పెట్టింది. ల్యాబ్‌లో జుట్టు పడకుండా పెట్టుకునేవి. లేత నీలం రంగు, అంచుకు సన్నటి కుట్టు.

"ఒకటి మీకు, ఒకటి ఆ చిన్న మేడంకి. మీరు పెట్టుకునే కాగితం టోపీలు చూసినప్పుడల్లా నా చేతులు ఊరుకోవు" అంది. "ఉత్తరంలో ఒకరు ఇవ్వమన్నారని రాశారు మేడం. ఆ ఒక్కరు మీరేనని నాకు తెలుసు."

కాదనకుండా టోపీ చేతిలోకి తీసుకున్నాను. చేతిలో పెట్టుకుని నిలబడ్డాను.

"ఇవ్వకపోతే మానె. ఆ ప్రొఫెసరు గారో లాయరు గారో వద్దన్నారేమో, వాళ్ళకేవో కారణాలుంటాయి. కానీ అక్కడ ఉండనిస్తారు కదా? పారేయరు కదా? ఏడాదికోసారి వచ్చి కాగితం మీద సంతకం పెట్టి వెళ్తాను. ఉందంటే చాలు నాకు." కాస్త ఆగి, "ఒక్కసారి చూడొచ్చా? మూత తీయొద్దులెండి. పైనుంచే" అంది.

లోపలికి తీసుకెళ్ళాను. చెప్పులు విప్పి వచ్చింది. ట్యాంకు ఆమె నడుము దాకా ఉంటుంది. దాని మీద అరచెయ్యి ఆనించి, "చల్లగా ఉంటుందనుకున్నాను" అంది. పైకి చల్లదనం తెలియదని చెప్పాను. ఆమె వంగి, మూతకు దగ్గరగా, పక్కింటివాళ్ళకు వినపడకుండా మాట్లాడినట్టు, "నాన్న లేడని నిన్ను రానివ్వట్లేదట. అలగకు. నేను వస్తూ ఉంటాలే" అంది.

"అందులో లేదమ్మా" అన్నాను.

"ఏంటి?"

"మీది అందులో లేదు. పొరపాటున తీసేశాం. నేను సాక్షి సంతకం పెట్టాను, చూడకుండా పెట్టాను. వేరేవాళ్ళది తీయాల్సిన రోజు మీది పోయింది. ఇవ్వమన్నది నేను కాదు. వద్దని ఇంకో ఇద్దరి చేతా అనిపించింది నేనే, ఇది బయటపడకూడదని."

అన్నీ ఒక్క ఊపులో చెప్పేశాను. ఆమె చెయ్యి ఇంకా ట్యాంకు మీదే ఉంది. తీయడం మర్చిపోయింది.

"ఎప్పుడు?"

"ఫిబ్రవరి పదకొండున."

"మీకెప్పుడు తెలిసింది?"

"మార్చి నాలుగున."

మెడలోని టేపును రెండు చేతులా పట్టుకుని, అంకెల మీద బొటనవేలు జరుపుతూ లెక్కపెట్టుకుంటున్నట్టు నిలబడింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది.

"మార్చి ఆఖర్లో ఆయన మీ దగ్గరికొచ్చాడు."

"ఇరవై ఏడున."

"నేనే పంపాను. మందులు మొదలైతే ఆయన వల్ల ఇక పిల్లలు కలగరని ఆ డాక్టర్లు చెప్పారు. ఆలోగా మళ్ళీ ఒకటి చేయించి దాచుకుందామా, ఉన్నదే సరిపోతుందా, కనుక్కుని రా అని పంపాను. సాయంత్రం వచ్చి, అడిగాను, అక్కర్లేదన్నారు అన్నాడు. నేను నమ్మలేదు. కొట్లో చిల్లర తక్కువిచ్చినా నోరు తెరిచి అడగలేని మనిషి మేడం. అడక్కుండానే వచ్చేసి నాతో అబద్ధం చెబుతున్నాడనుకున్నాను. మంచంలో ఉన్నప్పుడు కూడా దెప్పాను. చివరి వారంలో కూడా. ఒట్టు, అడిగానే అనేవాడు." నా మొహంలోకి చూసింది. "అడిగాడా?"

అడగలేదు అంటే సరిపోయేది. నా మాట కాదనడానికి ఆమె దగ్గర సాక్షులెవరూ లేరు. ఆ రోజు ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే, అందులో ఒకరు పోయారు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఇది కూడా రాసుకోవాలి.

"అడిగాడు" అన్నాను.

"నిజంగా?"

"గంటన్నర కూర్చున్నాడు. తన వెనక వచ్చినవాళ్ళందరినీ ముందు పంపించాడు. గొడుగులోంచి నీళ్ళు కారుతుంటే తన రుమాలు పరిచి తుడిచాడు. లోపలికొచ్చి అడిగాడు. అక్కర్లేదు, ఉన్నది బాగుంది అన్నాను. లేచాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి, మా ఆవిడ గట్టిగా కనుక్కోమంది మేడం, ఇంకోసారి చెప్పండి, ఉన్నది చాలా అన్నాడు. చాలు అన్నాను."

"రెండుసార్లు అడిగాడా?"

"రెండుసార్లు."

చెప్పులు మార్చుకునే స్టూలు మీద కూర్చుండిపోయింది. నన్ను తిట్టలేదు. నేను అక్కడ ఉన్నట్టే లేదు. "అడిగాడు చూడు. రెండుసార్లు అడిగాడు చూడు" అని టేపును చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఏడ్చింది. ఆవగింజ కోసం కాదు. ఆ ఏడుపు ఆయన కోసమే అని నాకు తెలుస్తూనే ఉంది.

లేచాక కళ్ళు తుడుచుకుని నా చేతిలోని టోపీ తీసుకుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "ఆ అమ్మాయిది ఆ అమ్మాయికి ఇవ్వండి. ఇది నేను తీసుకెళ్తాను" అంది. వెళ్ళిపోయింది.

నాకు తిట్లు తినే అర్హత కూడా లేదనిపించింది. ఇంటికొచ్చి అక్కకు మొదటినుంచీ చివరిదాకా అంతా చెప్పాను. అక్క విని, కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది.

సెప్టెంబరు 4, గురువారం

పొద్దున్నే పెద్ద డాక్టరమ్మకు, కమిటీకి ఉత్తరం రాశాను. మూడు పేజీలు. నల్ల చుక్క, ఆరేళ్ళ సంతకాలు, ఫిబ్రవరి 11, నేను మార్చిన స్ట్రా, కమిటీలో నేను మాట్లాడింది ఎందుకో, అన్నీ. జూనియర్ తప్పు ఏమీ లేదని రెండుచోట్ల రాశాను. టైలరమ్మకు ఒక నకలు.

ఇలాంటి ఉత్తరానికి సాక్షి సంతకం అక్కర్లేదు. అయినా అక్క ముందు పెట్టి, "కింద సాక్షిగా సంతకం పెట్టక్కా" అన్నాను. నిన్నటినుంచీ అక్క నాతో మాట్లాడలేదు.

కాగితాలు తీసుకుని, కిటికీ రెక్క తెరిచి, ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదివింది. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా అంతే, ఒక్క పేరు దాటదు. మూడో పేజీ అయ్యాక మళ్ళీ మొదటిది తీసింది.

"లిఫ్టు అబ్బాయి ఏడే ఇందులో?"

"ఉన్నాడుగా, మొదటి పేజీలో."

"పేరుంది. వచ్చి అడిగింది లేదు. మార్చి ఇరవై ఏడు లేదు."

"అది ట్యాంకు విషయం కాదు కదక్కా. పొరపాటు గురించి రాస్తున్నాను, అందుకని..."

అక్క పెన్నుకు క్యాప్ పెట్టి, పెన్ను బల్ల మీద పెట్టింది.

కావాలని వదిలేయలేదని రాయబోయాను ఇక్కడ. కావాలనే వదిలేశాను. రాస్తున్నప్పుడు ఆ చోటు దగ్గర చెయ్యి ఆగింది, ఆగిందని నాకు తెలుసు, దాటి వెళ్ళాను. తప్పు చేశానని ఒప్పుకోవడానికి సిద్ధపడ్డాను గానీ, అబద్ధం చెప్పి, మందులు మొదలయ్యేలోగా వాళ్ళకు మిగిలిన ఆ వారం రోజులు కూడా లాక్కున్నానని ఒప్పుకోవడానికి సిద్ధపడలేదు.

నాలుగో పేజీ రాశాను. గంటన్నర, గొడుగు, రుమాలు, ఉన్నది చాలా అని రెండుసార్లు అడిగింది, చాలు అని నేను రెండుసార్లు అన్నది. అది అయ్యాక ఈ డైరీలో వెనక్కి వెళ్ళి, మార్చి 27 కింద "ఏమీ జరగలేదు" అన్నచోట అడ్డంగా గీత కొట్టాను.

నాలుగు పేజీలూ అక్కకిచ్చాను. మళ్ళీ మొదటి వరుస నుంచి మొదలుపెట్టింది. డ్యూటీకి ఆలస్యమవుతోందని నేను అనలేదు. నిలబడే ఉన్నాను. చివరికి పెన్ను తీసి, "చూశాను" అని సంతకం పెట్టింది. గడియారం చూస్తే ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ స్ట్రా మీద పేరు చదవడానికి అర నిమిషం చాలు.